తూము దగ్గర ప్రార్థన

జకరయ్య అయ్యగారిని ఏదైనా అడిగితే కూర్చోబెట్టి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "పద, అలా నడిచొద్దాం" అనేవారు. దారిలో ఎదురైనవాళ్లందరినీ పలకరించుకుంటూ వెళ్లేవారు. ఆయన దగ్గర బైబిలు వాక్యం నేర్చుకోవడానికి వచ్చిన మాలాంటివాళ్లకు చెప్పులైతే అరిగేవి గాని, జవాబు ఎప్పుడు దొరుకుతుందో తెలిసేది కాదు. నాతోపాటు అక్కడ చదువుకున్న తీతుకు జరిగిన సంగతి ఇది. అతని నోటే విన్నాను.

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం తీతు పెట్టె సర్దుకుని అయ్యగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, పేపరు తెరిస్తే చంపుకోవడాలు. టీ బడ్డీ దగ్గరికి వెళితే తిట్టుకోవడాలు. వీళ్లకు మంచి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. కొండమీది ప్రార్థన మందిరంలో ఒక గది ఖాళీగా ఉందట. అక్కడే ఉండి అందరి కోసం ప్రార్థన చేసుకుంటాను. విశ్వాసికి అది చాలదా?"

అయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మంచి ప్రశ్నే. మధ్యాహ్నం బస్సుకు వెళుదువుగాని. చినపాలెంలో మరియమ్మగారికి ఒంట్లో బాగుండలేదట. చూసొద్దాం, పద."

ఇద్దరూ కాలవ గట్టు పట్టి నడిచారు. మాది కృష్ణ కాలవల చివర ఉన్న ఊరు. వేసవిలో నాలుగు రోజులు మాత్రం కాలవకు నీళ్లు వదులుతారు. ఆ నాలుగు రోజుల్లోనే తూము గుండా మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. లేకపోతే వానలు పడేదాకా ఊళ్లోని పెదపాలెం, చినపాలెం రెండూ గొంతు తడుపుకోవడానికి ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సిందే. ఆ రోజు మూడోరోజు. కాలవలో నీళ్లు నిండుగా ఉన్నాయి. చెరువులో మాత్రం నెర్రెలిచ్చిన మట్టే ఉంది. తూము ముందు గుర్రపుడెక్క కలుపు చాపలా అల్లుకుపోయి, చుక్క నీరు లోపలికి పోనివ్వడం లేదు.

గట్టుమీద రెండు పాలేల జనమూ పోగయ్యారు. డెక్క వైపు ఎవరూ చూడటం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"పోయినేడు మేమే తీశాం. ఈ ఏడు మీ వంతు" అంటున్నాడు చినపాలెం పెద్ద రామకోటి.

"సగం తీసి వదిలేస్తే తీసినట్టా? ఆ మిగిలిందే కదా ఇప్పుడింతైంది!" అని పెదపాలెం పిచ్చేశ్వరరావు కండువా దులిపాడు. వెనక ఎవరో కర్ర పైకెత్తారు. ఎవరో బిందె నేలకేసి కొట్టారు.

తీతు అయ్యగారి చెయ్యి పట్టుకుని లాగాడు. "చూశారా? నేను చెప్పింది ఇదే. మనం పక్కదారిన పోదాం రండి."

ఈలోపు రామకోటి అయ్యగారిని చూశాడు. "మీరైనా ప్రార్థన చేయండి అయ్యగారూ. ఈ పెదపాలెం వాళ్లకు బుద్ధి రావాలని!"

"చేస్తాను" అన్నారు అయ్యగారు. అక్కడే గట్టుమీద తలవంచి కళ్లు మూసుకున్నారు. గోల కాస్త సద్దుమణిగింది. నిమిషం గడిచింది. కళ్లు తెరిచారు. పంచె ఎగగట్టి, జారుడు గట్టున మెల్లగా దిగి, నడుముల్లోతు నీళ్లలోకి వెళ్లి డెక్క పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. అప్పుడాయనకు అరవయ్యెనిమిదేళ్లు. మొదటి గుబురుకే తూలి మునిగి, తలమీద ఒక ఊదారంగు పువ్వుతో పైకి లేచారు. గట్టుమీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"తీతూ, దిగు."

"జలగలుంటాయేమో అయ్యగారూ."

"ఉంటాయి. దిగు."

తీతు దిగాడు. వాళ్లిద్దరూ లాగుతుంటే బిందె పక్కన పెట్టి వెంకాయమ్మ అనే పెదపాలెం ఆవిడ అరిచింది: "ముసలాయన నీళ్లలో ఉంటే మీరు మీసాలు దువ్వుకుంటూ గట్టుమీదా? తప్పుకోండి, మేం దిగుతాం!" ఆ మాటకు పిచ్చేశ్వరరావు దిగాడు. అతను దిగాడు గనక రామకోటీ దిగక తప్పలేదు.

తగువు మాత్రం ఆగలేదు. నీళ్లలోనూ పోయినేటి లెక్కలే తీశారు. అయ్యగారు డెక్క గట్టుమీదికి విసురుతూ, "తిట్టుకోండి నాయనా, తప్పులేదు. తిట్టడానికి నోరు చాలు. చేతులు ఖాళీయేగా, లాగండి" అన్నారు. పిచ్చేశ్వరరావుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే రామకోటిని తిట్టాడు. రామకోటి తిడుతూనే డెక్కకు అవతలి కొస పట్టుకున్నాడు.

మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టుకుంటూ వంతెన దాటిపోయింది. తీతు అప్పుడు తూము నోట్లో చెయ్యి పెట్టి, లోపల చిక్కుకున్న డెక్క వేళ్లు పీకుతున్నాడు. చివరి గుబురు ఊడిరాగానే తూము ఒక్కసారి గుడగుడమంది. నీళ్లు చెరువు వైపు దూకాయి. గట్టుమీద ఈలలు, కేకలు. ఎవరో అయ్యగారిని చంకల కింద చేతులేసి పైకి లాగారు. వెంకాయమ్మ అందరికీ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు చాలక రామకోటి, పిచ్చేశ్వరరావు ఒకే చెంబుతో తాగారు. మర్నాడు మళ్లీ వాదించుకున్నారట. గట్టుమీద పోగుపడిన డెక్క ఎవరు ఎత్తాలని.

పొద్దువాలుతుండగా గురుశిష్యులిద్దరూ మరియమ్మగారి ఇంటి వైపు నడక సాగించారు. పక్కనే చెరువుకు పోయే పిల్లకాలవలో నీళ్లు వాళ్లకంటే ముందు పరుగెత్తుతున్నాయి. కొండ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కొంత దూరం పోయాక తీతు తనను తాను చూసుకున్నాడు. పొద్దున ఇస్త్రీ చేసి తొడుక్కున్న తెల్లచొక్కా మెడదాకా నల్లబురద.

"అయ్యగారూ, బట్టలన్నీ ఇలా అయిపోయాయి."

అయ్యగారు ఆగకుండానే అన్నారు:

"ఉతుక్కో నాయనా. నీళ్లొచ్చాయిగా."