తెడ్డు కర్రతో చేసిన క్యూలు

“అడిగితే ఊరుకున్నాను. అంతేగానీ అబద్ధం చెప్పలేదు కదా మాస్టారూ, ఇందులో నా తప్పేముంది?” అని భానోజీ ఒక సాయంత్రం సత్యలింగం మాస్టారిని అడిగాడు. మాస్టారు అతనికీ నాకూ బిలియర్డ్స్ నేర్పేవారు. మాట పొదుపు మనిషి. ఏ విషయంలో ఊరుకున్నావని కూడా అడగకుండా, చేతిలో కర్ర పక్కన పెట్టి కూర్చుని ఈ సంగతి చెప్పారు.

ముప్పై ఏళ్ల కిందట ఆయన ఒక రేవు పట్టణం క్లబ్బులో మార్కరు. అంటే బల్ల తుడవడం, పాయింట్లు చెప్పడం, ఓడిపోయిన మెంబర్ల చిరాకు భరించడం. బంతులు కొట్టడానికి ఆ మెంబర్లకు ఇంగ్లండు నుంచి వచ్చిన క్యూ తప్ప మరో కర్ర చేతికి ఆనదు. అవేమో విరుగుతుంటాయి, మళ్లీ తెప్పించడం నెలల పని. అందుకని సెక్రటరీ గారు రేవు వెనక వీధిలో ఉండే కొమ్మోజు వీరభద్రాచారి అనే వడ్రంగిని పట్టుకున్నారు. ఈ పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. తెలియాలనే రాస్తున్నాను.

ఓడలవాళ్లు విరిగిపోయాయని పారేసిన తెడ్లను తెచ్చుకుని, ఆ కర్రతో ఆచారి క్యూలు చేసేవాడు. ఒక్కోదాన్నీ రాతిబండ మీద దొర్లించి, ఎక్కడా ఎగరకుండా దొర్లితేనే బయటికి ఇచ్చేవాడు. ఆ తర్వాత క్లబ్బు వెనక గదిలో, సెక్రటరీ గారి షరతు ప్రకారం, విరిగిన ఇంగ్లీషు క్యూ మీది కంపెనీ బిళ్ల ఊడదీసి దీనికి అతికించేవాడు. బిళ్ల సంగతి ఆ ఇద్దరికీ, మాస్టారికీ తప్ప తెలియదు. మెంబర్లు ఆ కర్రలు నిమురుకుంటూ “ఎంతైనా ఇంగ్లండు పనితనమండీ!” అని మురిసిపోతుంటే, పక్కనే ఉన్న ఆచారి కూడా తలూపేవాడట. ఇది చెబుతూ మాస్టారు నవ్వలేదు. మాకూ నవ్వు రాలేదు.

ఆచారి పోయి ఏడాది కావస్తుండగా కూతురు కనకరత్నం క్లబ్బుకు వచ్చింది.

“సంవత్సరీకం నాడు పోయినవాళ్ల చేతిపని ఒకటి పటం ముందు పెడతామండి. నాన్న చేసిన క్యూలన్నీ ఇక్కడికే వచ్చేశాయి. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. విరిగిందైనా సరే, ఒకటి ఇప్పించండి బాబూ” అని సెక్రటరీ గారిని బతిమాలింది.

హాల్లో నలుగురు మెంబర్లు ఆడుతున్నారు. వాళ్లు వింటుండగా సెక్రటరీ గారు, “మీ నాన్న ఇక్కడ కుర్చీలు, నిచ్చెనలు బాగుచేసేవాడమ్మా. క్యూలన్నీ ఇంగ్లండువే. కావాలంటే బిళ్ల చూసుకో” అన్నారు.

కనకరత్నం స్టాండులోంచి ఒకటి తీసింది. బిళ్ల చూసింది. అయినా వదల్లేదు. మొదలు నుంచి కొస దాకా అరచెయ్యి పెట్టి నిమిరింది. పదేళ్లపాటు ఇంట్లో గరుకు కాగితంతో ఆ కర్రలకు చివరి నునుపు తెచ్చింది ఆమే. అప్పుడు మాస్టారి వైపు తిరిగింది. కర్రల కోసం ఆయన వెళ్లినప్పుడల్లా మజ్జిగ తెచ్చిచ్చిన పిల్ల.

“బాబాయ్ గారూ, మీరు చెప్పండి. ఇది మా నాన్న చేసింది కాదాండీ?”

మాస్టారు బ్రష్షు తీసుకుని ఖాళీగా ఉన్న రెండో బల్ల తోమసాగారు. తోమిన చోటే తోమారు. సెక్రటరీ గారి చూపు ఆయన మీదే ఉంది. నోరు విప్పితే మర్నాటి నుంచి ఉద్యోగం ఉండదు, ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ అమ్మాయి చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత కర్రను తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేసింది.

“నా చెయ్యే పొరబడిందేమో లెండి. అయితే ఇక్కడ అందరూ తన కర్రలతోనే ఆడుతున్నారని నాన్న ఇన్నాళ్లూ మాకు లేనిపోనివి చెప్పాడన్నమాట” అని వెళ్లిపోయింది.

“తర్వాతైనా వెళ్లి నిజం చెప్పలేదా?” అన్నాను నేను.

“ఆ ఉద్యోగం మానేశాక వెళ్లాను. ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఎక్కడికి పోయారో వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు.”

భానోజీ ఇంకా పట్టు వదల్లేదు. గొంతు తగ్గించి, “అయినా మాస్టారూ, మీరైతే అబద్ధం చెప్పలేదు కదా” అన్నాడు.

“నేను చెప్పలేదు” అన్నారు మాస్టారు. “పోయినవాడి చేత చెప్పించాను.”