చూద్దాం అంటే పదండి

అనగనగా ఒక అడవిలో, నల్లవాగు ఒడ్డున, ఒక పెద్దబండ ఉండేది పిల్లలూ. తాటిచెట్టు సగమంత ఎత్తు. పైన ఎప్పుడూ చల్లగాలి.

ఆ బండ మీద ఐదుగురు సభ్యులు కూర్చునేవాళ్ళు. అడవిలో ఐదు వాడలున్నాయి కదా, ఒక్కో వాడకి ఒక్కో సభ్యుడు. వాడలో ఎవరికి ఏ కష్టం వచ్చినా బండ కిందికి వచ్చి చెప్పుకోవాలి. సభ్యుడు విని, మిగతావాళ్ళతో మాట్లాడి, ఆ పని చేయించాలి. అందుకే వాళ్ళని అక్కడ కూర్చోబెట్టారు. గాలి పీల్చుకోమని కాదు.

మూడేళ్ళకోసారి, ఇప్పపూలు రాలే రోజుల్లో ఎన్నిక. నిలబడినవాళ్ళ ముందు ఒక్కో గుంట తవ్వుతారు. వాడలో ప్రతి జీవీ ఒక రేగు గింజ తెచ్చి, తనకి నచ్చినవాళ్ళ గుంటలో వెయ్యాలి. ఏనుగైనా ఒక గింజే, ఎలుకైనా ఒక గింజే.

వాగు దిగువన ఉండేది పల్లంవాడ. అక్కడన్నీ చిన్న జీవాలే. తాబేళ్ళు, కుందేళ్ళు, ఉడుతలు, ముళ్ళపందులు, పిట్టలు. వాళ్ళ సభ్యుడు మాత్రం చిన్నవాడు కాదు. కొమ్ములయ్య అనే కణుజు. చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న పెద్ద దుప్పి అన్నమాట. తొమ్మిదేళ్ళుగా ఆయనే సభ్యుడు. ఆయనకి ఎదురు ఎవరూ నిలబడలేదు. ప్రతి ఎన్నికకీ ఒక్క గుంటే తవ్వేవాళ్ళు. గింజలన్నీ అందులోనే వేసి ఇంటికి పోయేవాళ్ళు.

ఆ వాడలోనే, గడ్డి దుబ్బుల్లో, పూరేడమ్మ ఉండేది. పూరేడు పిట్టని చూశారా ఎప్పుడైనా? గడ్డి రంగులో ఉంటుంది. నేల మీదే గూడు. ఎగరడం కూడా అంతంతమాత్రం. ఈ పూరేడమ్మకి నలుగురిలో నోరు పెగిలేది కాదు. ఎవరైనా ఎదురొస్తే గడ్డిలోకి తప్పుకునేది. ఐదుగురు పిల్లలు దానికి.

ఒక ఎండాకాలం నల్లవాగు ఉన్నట్టుండి ఆగిపోయింది. వర్షాలు బాగానే పడ్డాయి, పైన కొండల్లో ఊటలున్నాయి, అయినా పల్లంవాడకి చుక్క రావట్లేదు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఇసుకలో చిన్న గుంట తవ్వి చెలమ చేసుకున్నారు. రోజుకి దోసెడు నీళ్ళు ఊరేవి. వాడంతా వరసలో నిలబడి తలా ఒక గుక్క తాగేవాళ్ళు. పూరేడమ్మకి తోసుకుని ముందుకి పోవడం రాదు. అది చివరికి చేరేసరికి తడి ఇసుకే మిగిలేది. ఆ తడి ఇసుకే ముక్కుతో తెచ్చి పిల్లల నోట్లో పెట్టేది.

అందరికంటే చిన్నది బుజ్జిది. అది రెండు రోజులుగా కళ్ళు తెరవడం మానేసింది.

ముందు తాబేలు మామ పెద్దబండ దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, మాకు వాగు రావట్లేదు. పైన ఏమైందో ఏమో."

కొమ్ములయ్య నములుతున్న ఆకు మింగి, తల ఊపి, "చూద్దాం" అన్నాడు.

తాబేలు మామ వాడకి వచ్చి, "చూద్దామన్నారు" అని చెప్పాడు. వాడంతా గంతులేసింది. ఎలాగూ రేపు వాగు వస్తుంది కదా అని కుందేలు వదిన చెలమలో ఉన్న నీళ్ళతో పిల్లలందరికీ తలంటు పోసింది. తెల్లారింది. వాగు రాలేదు. చెలమలో నీళ్ళూ లేవు.

రెండోసారి ముళ్ళపంది బావ వెళ్ళాడు.

"అయ్యా, మొన్న మా తాబేలు మామతో చూద్దామన్నారు."

"అన్నాను కదా. చూద్దాం."

బావ తిరిగొచ్చి, "ఈసారి ఇంకా గట్టిగా అన్నారు" అని చెప్పాడు. ఈసారి గంతులు వేసినవాళ్ళు కొంచెం తక్కువ.

మూడోసారి వెళ్ళడానికి ఎవరికీ ఓపిక లేదు. బుజ్జిదాన్ని చూసి చూసి పూరేడమ్మే బయల్దేరింది. దారిలో నాలుగుసార్లు వెనక్కి తిరిగింది. నాలుగుసార్లూ మళ్ళీ ముందుకే నడిచింది. బండ కింద నిలబడి, ఉన్న గొంతంతా కూడగట్టుకుని అంది.

"అయ్యా."

కొమ్ములయ్య కిందికి చూశాడు. "ఎవరది? గడ్డి మాట్లాడుతోందేంటి?"

పైనున్న సభ్యులు పకపకా నవ్వారు.

"నేనయ్యా, పూరేడుని. నీళ్ళు లేక మా బుజ్జిది కళ్ళు తెరవట్లేదు."

"అలాగా పాపం. చూద్దాం."

పూరేడమ్మ కదల్లేదు. అలాగే నిలబడింది.

"ఇంకేంటే?"

"పదండయ్యా."

"ఎక్కడికి?"

"వాగు పైకి. చూద్దామన్నారు కదా. చూద్దాం అంటే మీరూ నేనూ కలిసి చూద్దామనేగా. నేను వచ్చే ఉన్నాను. మీరు దిగితే పోదాం."

కొమ్ములయ్య కొమ్ములు అటూ ఇటూ తిప్పాడు. చివరికి అన్నాడు.

"పిచ్చిదానా, అది మాటకలా అంటారు. పెద్దవాళ్ళు చూద్దాం అంటే ఇంటికి వెళ్ళమని."

"అలాగా అయ్యా. మాకు ఇన్నాళ్ళూ తెలీదు" అంది పూరేడమ్మ.

కానీ ఇంటికి వెళ్ళలేదు. వాగు వెంబడి పైకి నడిచింది. ఒక్కతే. గడ్డి చాటున, రాళ్ళ చాటున, మధ్యాహ్నం దాకా నడిచింది. అప్పుడు కనిపించింది. వాగుకి అడ్డంగా పెద్ద పెద్ద దుంగలు. దుంగల మధ్య బురద మెత్తి ఉంది. వెనకాల చెరువంత బురదగుంట. అందులో అడవిపందులు హాయిగా పొర్లుతున్నాయి.

పూరేడమ్మ గడ్డిలో కూర్చుంది. ఎండ వాలుతుండగా ధబధబా అడుగులు వినిపించాయి. వచ్చింది ఎవరో తెలుసా? కొమ్ములయ్యే. తిన్నగా గుంటలో దిగి మెడ దాకా మునిగాడు.

"చల్లగా ఉందాండీ?" అని అడిగింది ఒక పంది.

"ఈ గుంటే లేకపోతే ఎండాకాలం ఎలా గడిచేదిరా" అన్నాడు కొమ్ములయ్య.

ఆయన ఎందుకు చూడడో పూరేడమ్మకి అర్థమైంది. ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు.

అది గుంట అంచుకి దిగి, రొమ్ము ఈకలు నీళ్ళలో తడుపుకుని, ఆరిపోకముందే ఇంటికి చేరాలని పరుగెత్తింది. పిల్లలు ఆ ఈకలు చప్పరించారు. బుజ్జిది ఒక కన్ను తెరిచింది. రెండోది తెరవడానికి ఆ తడి చాలలేదు. రోజూ అంత దూరం పోయి తెచ్చినా, ఒక పిట్ట ఈకల తడితో వాడంతా బతకదు కదా.

మర్నాడు పొద్దున చెలమ దగ్గర వరసలో నిలబడినప్పుడు పూరేడమ్మ తాను చూసిందీ, బండ దగ్గర విన్నదీ చెప్పింది. అందరికీ చెప్పలేక తాబేలు మామకి చెప్పింది, ఆయన అందరికీ చెప్పాడు.

"ఇంకో పది రోజుల్లో ఎన్నిక. ఈసారి రెండో గుంట తవ్వాల్సిందే" అన్నాడు మామ.

"తవ్వుదాం. నిలబడేదెవరు?" అంది కుందేలు వదిన.

"నేను నిలబడితే గింజ వెయ్యడానికి దగ్గరికి వచ్చేదెవరు?" అని ముళ్ళపంది బావ ఒళ్ళు విదిలించాడు. పక్కనున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

అందరూ పూరేడమ్మ వైపు చూశారు. అది గడ్డిలోకి తప్పుకోబోయింది. ఎండకి అక్కడ గడ్డి కూడా లేదు.

"నాకు మాట్లాడటం రాదు మామా."

"ఆయన ఒకే ఒక్క మాటతో తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాడమ్మా. నువ్వూ ఒక్క మాటే అన్నావు. దానికే ఆయన నిజం కక్కేశాడు. నాకది చాలు" అన్నాడు తాబేలు మామ.

పూరేడమ్మ ఇంటికి వెళ్ళి బుజ్జిదాని వైపు చూసింది. ఆ ఒక్క కన్నుతో అది తల్లినే చూస్తోంది. తిరిగొచ్చి, "సరే మామా" అంది.

అది సభలు పెట్టలేదు. బొరియ బొరియకీ, తొర్ర తొర్రకీ వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పేది. "నేను గెలిస్తే వాగు తెచ్చేస్తానని చెప్పలేనమ్మా. నాకంత బలం లేదు. సభ్యుల్ని బండ దింపి అక్కడికి తీసుకెళ్తాను. మీరు కూడా నాతో రావాలి." అంతే. ఇంకో ఇంటికి వెళ్ళేది.

ఈ సంగతి కొమ్ములయ్యకి తెలిసింది. పందుల చేత బుట్టలు మోయించి ఇంటింటికీ ఇప్పపూలు పంచాడు. తియ్యగా, రసం కారుతూ ఉన్నాయి పూలు. నెలరోజులుగా గొంతెండినవాళ్ళు, ఎవరు కాదంటారు? ముళ్ళపంది బావ రెండు బుట్టలు తిని కదల్లేక పడుకున్నాడు.

"పూలు తిన్నాం. ఇప్పుడు గింజ వేస్తారా అని అడిగితే ఏం చెప్పాలి బావా?" అని ఉడుత బెంగపడింది.

బావ పడుకునే ఆలోచించాడు. తర్వాత ముళ్ళన్నీ కదిలేలా నవ్వాడు.

"చూద్దాం అని చెప్పు."

సాయంత్రం కొమ్ములయ్య స్వయంగా వచ్చాడు. "ఏమ్మా, గింజ నాకేగా?" అని గడప గడపకీ అడిగాడు.

"చూద్దామయ్యా" అంది కుందేలు వదిన.

"చూద్దామండీ" అంది ఉడుత.

"తప్పకుండా చూద్దాం" అన్నాడు ముళ్ళపంది బావ.

కొమ్ములయ్య వాడంతా తనదే అనుకుని, వెళ్ళి బురదగుంటలో హాయిగా మునిగాడు.

ఎన్నిక రోజు వచ్చింది. రెండు గుంటలు తవ్వారు. సభ్యులందరికీ పెద్ద ఒక ఏనుగు. అదే దగ్గరుండి చూసుకుంది. ఒక్కొక్కరే వచ్చి గింజ వేసి పోయారు. తాబేలు మామ ముందురోజే బయల్దేరి, సరిగ్గా ఆఖరి గింజ తనే వేశాడు.

కొమ్ములయ్య గుంటలో ఉన్నవి పదకొండు గింజలు. పూరేడమ్మ గుంట నిండి, చుట్టూ పొర్లి, గింజల మధ్య పూరేడమ్మ కనపడడం లేదు.

కొమ్ములయ్య నమ్మలేకపోయాడు. "నా పూలన్నీ తిన్నారు. గింజ వేస్తామన్నారు."

"చూద్దామన్నామయ్యా" అన్నాడు ముళ్ళపంది బావ. "మాటకలా అంటారు. మీరే చెప్పారుగా."

ఏనుగు తొండం చాచింది. పూరేడమ్మ తొండం మీదెక్కితే, అలా ఎత్తి బండ మీద పెట్టింది. అంత పెద్ద బండ మీద అంత చిన్న పిట్ట. కింద వాడంతా మెడలు ఎత్తి చూస్తోంది. పూరేడమ్మ సభ్యుల వైపు తిరిగింది. అడగాల్సింది అడిగింది.

"వాగుకి పైన దుంగలు అడ్డం పెట్టారు. అవి తీయించాలి."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలవాటైన నోళ్ళు కదా.

"చూద్దాం" అన్నాడు ఒకాయన.

"చూద్దాం చూద్దాం" అన్నాడు ఇంకొకాయన.

పూరేడమ్మ తలెత్తింది. "పదండి."

ఎవరూ లేవలేదు. అప్పుడు కింద నుంచి తాబేలు మామ నిదానంగా, "పదండి" అన్నాడు. తర్వాత కుందేలు వదిన అంది. తర్వాత ఉడుతలు, పిట్టలు, ఎలుకలు, అందరూ. పల్లంవాడ వాళ్ళే కాదు, చూడ్డానికి వచ్చిన పక్క వాడలవాళ్ళు కూడా అన్నారు. పదండి, పదండి, పదండి. ఆ మాట తగిలి బండ అదురుతున్నట్టుంది.

ఏనుగు చెవి గోక్కుంది. "పదండి అంటే పదాల్సిందే మరి" అని ముందుగా కదిలింది. దానితో సభ్యులంతా లేచారు. తొమ్మిదేళ్ళలో ఒకరి కష్టం చూడ్డానికి వాళ్ళు బండ దిగడం అదే మొదటిసారి. ఒకాయన కాళ్ళు తిమ్మిరెక్కి నడవడమే మర్చిపోయాడు.

వాగు పైకి వెళ్ళారు. కళ్ళారా చూశారు. దుంగలున్నాయి. గుంట ఉంది. పందులున్నాయి. ఏనుగు ఒక్కో దుంగనీ తొండంతో చుట్టి పెరికింది. ఒకటి. రెండు. మూడో దుంగకి బురద కట్ట బద్దలై నీళ్ళు దూకాయి.

వాడంతా నీళ్ళతో పాటు పరుగు తీసింది. తాబేలు మామని వాగే మోసుకుపోయింది. "నా జన్మలో మొదటిసారి మీ అందరికంటే ముందు ఇల్లు చేరాను" అని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. నీళ్ళు గూటి పక్కకి వచ్చాయి. బుజ్జిది ముక్కు ముంచి తాగింది, ఆగింది, మళ్ళీ తాగింది. రెండో కన్ను కూడా తెరిచింది. ఆ రోజు కొమ్ములయ్య కూడా వాగుకి వచ్చాడు. అందరితో పాటు వరసలో నిలబడి తాగాడు.

కథ అయిపోయిందనుకున్నారా? ఇంకొంచెం ఉంది.

వానలు పడ్డాయి, వెళ్ళాయి. పూరేడమ్మ రోజూ పెద్దబండ మీద కూర్చుంటోంది. బండ మీద గాలి మీకు తెలుసుగా. ఒకరోజు దానికి హాయిగా కునుకు పట్టింది. కింద తాబేలు మామ వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మా దారికి అడ్డంగా రాయి దొర్లింది. చుట్టూ తిరిగి రావాలంటే నాకు ఒక పూట పడుతోంది."

పూరేడమ్మ కళ్ళు మూసుకునే, "చూద్దాం మామా" అంది.

మామ వెళ్ళలేదు. ఆయన వెనకాల ముళ్ళపంది బావ ఉన్నాడు. బావ వెనకాల, ఈకలన్నీ వచ్చిన ఒక చిన్న పూరేడు పిట్ట ఉంది. ఆ చిన్న పిట్టే అంది.

"పదమ్మా."

పూరేడమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. కింద బుజ్జిది రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని చూస్తోంది. పూరేడమ్మకి ఎంత సిగ్గేసిందంటే, ఒళ్ళంతా ముడుచుకుని ఈకల ఉండైపోయింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఏనుగు తొండం చాచేదాకా ఆగకుండా, బండ మీద నుంచి రెక్కలు టపటపలాడించి ఒక్క దూకు దూకింది.

"పదండి" అంది.

ఆ రాయి ఎంత పెద్దదో అందరూ కలిసి వెళ్ళి చూశారు. పొద్దుగూకేలోపు అది దారిలో లేదు.

నీతి: మనం కూర్చోబెట్టినవాళ్ళు "చూద్దాం" అంటే ఇంటికి వెళ్ళిపోకూడదు, "పదండి" అని అక్కడే నిలబడాలి. పైన కూర్చున్నది మన అమ్మే అయినా సరే.