మాంత్రికుడి చిలకకు జ్వరం

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండి, లేకపోతే ఇక్కడే ఆపేస్తాను! ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి నేర్చాడు, రెండోవాడు విల్లు నేర్చాడు. మూడోవాడు సుమేధుడు మాత్రం ఓడెక్కి యవన దేశం పోయి వైద్యం నేర్చుకొచ్చాడు. అక్కడి గురువు అతన్ని నిప్పు ముందు నిలబెట్టి మూడు మాటలకు ఒట్టు వేయించుకున్నాడు. "ఏ గడప తొక్కినా రోగి మేలు కోసమే తొక్కు. ఎవరడిగినా విషం ఇవ్వకు. నీ మందు మొదటి గుక్క నువ్వే తాగు."

ఇంతలో ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు పుష్పావళి అనే రాజకుమారిని ఎత్తుకుపోయాడు. విడిపించబోయిన అన్నలిద్దరినీ రాళ్లను చేశాడు. వాడి ప్రాణం చిలకలో ఉందట! సుమేధుడికి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. అతను ఒకప్పుడు కాలి ముల్లు తీసిన గండభేరుండం వచ్చి "నా వీపెక్కు" అంది. ఎక్కాడు.

కరాళుడు జ్వరంతో మూలుగుతున్నాడు, అందుకని కోట తలుపు వైద్యుడికి తప్ప ఎవరికీ తెరవడం లేదు. "వైద్యుణ్ణి" అన్నాడు సుమేధుడు. అక్కడే చిక్కొచ్చి పడింది.

లోపల పంజరంలో చిలక వణుకుతోంది. కాలు చాచి, "నాడి చూడు బాబూ, ఒళ్లంతా మంట" అంది. చూశాడు.

"మెడ నులిమెయ్, పీడ విరగడవుతుంది!" అంది కిటికీలోంచి గండభేరుండం.

"నాడి చూశాను. ఇక చంపలేను."

పుష్పావళి పరుగున వచ్చింది. "విషం ఇవ్వండి. వాడి పాలలో నేను కలుపుతాను."

"వైద్యుణ్ణని చెప్పి గడప తొక్కాను. ఇవ్వలేను."

"మరి నేనిక్కడే చావాలా?" అని ఏడ్చింది.

అతనికీ ఏడుపొచ్చింది. గుమ్మం పక్కనే అన్నలు రాళ్లై నిలబడి ఉన్నారు మరి! చేతులు వాటంతటవే చిలక మెడ మీదికి పోయాయి. వెనక్కి లాక్కున్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, మళ్లీ నాడి పట్టాడు. ఆ పిట్టంత ఒంట్లో రెండు నాడులు కొట్టుకుంటున్నాయి!

గబగబా కషాయం కాచి, పంజరంతో సహా కరాళుడి దగ్గరికి తీసుకుపోయాడు. "విషమేమో!" అన్నాడు వాడు. సుమేధుడు మొదటి గుక్క తాగి మొహం చిట్లించాడు.

"మందు ఒక్కటే చాలదు, పథ్యం కూడా ఉంది. నీ ప్రాణం మోయలేక చిలక చస్తోంది. అది చస్తే నువ్వూ చస్తావు. నీ ప్రాణం నువ్వు వెనక్కి తీసుకో."

"తీసుకుంటే నా మంత్రాలన్నీ పోతాయిరా! అందరిలా ఏదో ఒకనాడు చచ్చేవాణ్ణవుతాను!"

"అవుతావు. ఇప్పటికి మాత్రం బతుకుతావు."

కరాళుడు తిట్టాడు, పళ్లు కొరికాడు, చివరికి చిలకను గుండెకు హత్తుకున్నాడు. ప్రాణం లోపలికి రాగానే మంత్రాలు ఊడిపోయాయి. చిలక తుర్రుమంది. రాళ్లు తుమ్మి అన్నలయ్యాయి. పెద్దన్న కత్తి దూస్తే సుమేధుడు అడ్డం నిలిచాడు. "వీడు నా రోగి అన్నయ్యా!"

పుష్పావళికి ఆ మాట నచ్చలేదు. అయినా సుమేధుణ్ణే పెళ్లాడింది. ఇద్దరూ ఆమె తండ్రి రాజ్యాన్ని చాలాకాలం ఏలారు. ఏటా చలికాలం ఒక ముసలివాడు దగ్గుకుంటూ కోటకొచ్చేవాడు. సుమేధుడు కషాయం కాచి ఇచ్చేవాడు. ఒక ఏడు గిన్నె పట్టుకొచ్చింది రాణి. ఆమెను చూసి ముసలివాడు జంకి, చేయి చాచలేదు. పుష్పావళి వాడి మొహంలోకి కాసేపు చూసింది. మొదటి గుక్క తానే తాగి, గిన్నె అందించింది.

కథ కంచికి, గిన్నె కడుక్కోడానికి మనం వంటింట్లోకి.