జామపండు వచ్చేంత సేపు

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, రత్నకూటాన్ని ఏలే రాజుగారొకాయన ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు చిత్రభానుడు వట్టి కంగారు మనిషి. అన్నం ఉడక్కముందే కుండ మూత తీసి చూసే రకం.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు హేమరేఖ అనే రాకుమారిని ఎత్తుకుపోయి దాచాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. చిలకని పట్టుకొస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాయైపోయాడు. నడిపన్న వెళ్ళాడు, రాయైపోయాడు. ఇక మిగిలింది చిత్రభానుడే.

ముసలి తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. పంజరం ముందు చేతులు చాచి నిలబడ్డ రెండు రాళ్ళని చూసి బావురుమన్నాడు.

"ఊరుకో బాబూ," అంది జామచెట్టు మీది ఉడత. "పంజరంలో చెయ్యి పెడితే చిలక అరుస్తుంది. ఆ అరుపు విన్న మనిషి రాయే. కానీ కరాళుడు రోజూ గంట కొట్టి, ఇక్కడికొచ్చి పండు కోసుకెళ్ళి చిలకకి పెడతాడు. రోజూ అదే సేపు. దానికి అలవాటైపోయింది. సరిగ్గా పండొచ్చే వేళకి కళ్ళు మూసుకుని నోరు తెరుస్తుంది. మీ అన్నలకీ చెప్పాను. పెద్దాయన గంట కొట్టగానే చెయ్యి పెట్టాడు. రెండో ఆయన కాస్త ఆగి, ఇక చాల్లే అనుకున్నాడు."

"ఎంతసేపాగాలి ఉడతక్కా?"

"నేను చెట్టు చివరికంటా ఎక్కి దిగేంత సేపు. భయంలో నీకది యుగంలా ఉంటుంది. నీ గుండె మాట వినకు, నన్ను చూడు."

కరాళుడు వేటకి వెళ్ళగానే చిత్రభానుడు ఒక పండు కోసుకుని, వెళ్ళి గంట కొట్టాడు.

గుండె దడదడ. అయిపోయుంటుంది! చూస్తే ఉడత ఇంకా చెట్టు మొదట్లోనే ఉంది. ఇప్పుడైనా? చిటారుకొమ్మన కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. "తల్లీ, దిగవే!" అని గొణిగాడు. చెయ్యి దానంతటదే లేస్తుంటే రెండో చేత్తో నొక్కి పట్టుకున్నాడు.

ఉడత టప్పున నేల మీదికి దూకింది. చిలక కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. పండు నోట్లో పెట్టి, చిలకని కండువాలో చుట్టేశాడు.

ప్రాణం గిలగిల్లాడి కరాళుడు పరిగెత్తుకొచ్చాడు. "గట్టిగా నొక్కకు నాయనా, ఊపిరాడదు!"

"ముందు మా అన్నల్ని లేపు! హేమరేఖని వదులు!"

మాంత్రికుడు హేమరేఖని విడిచిపెట్టి, రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు. పెద్దన్న ఆవలించి, "గంట ఇప్పుడేగా కొట్టాను!" అన్నాడు. నడిపన్న, "నేను చాలాసేపే ఆగానే!" అన్నాడు. చిత్రభానుడు ఇద్దర్నీ వాటేసుకుని నవ్వుతూ ఏడ్చేశాడు.

హేమరేఖతో పెళ్ళి ఘనంగా జరిగింది. మామగారికి కొడుకుల్లేరు, రాజ్యం వీళ్ళకే వచ్చింది. వాళ్ళు కలకాలం ఏలారు. కరాళుడు వాళ్ళ కోటలోనే చిలకకి కాపలా ఉండి, దానికి తుమ్మొచ్చినా వణికిపోయేవాడు.

చిత్రభానుడు మాత్రం అన్నం కుండ మూత ఎప్పుడూ ముందే తీసేవాడు. హేమరేఖ గరిటెతో చేతి మీద ఒక్కటేసి, "ఉడత ఇంకా దిగలేదు," అనేది.