పేజీన్నరలో పంటు

ఉదయం ఆరూ నలభైకి కుసుమ మాస్టారి గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టకుండానే అడగాల్సింది అడిగేసింది.

“మాస్టారూ, మనం ఊళ్లో లేకపోయినా నిలబడే పని ఎలా చేస్తారు?”

భాస్కరమూర్తి మాస్టారు కాఫీ గ్లాసు కడిగి బోర్లిస్తున్నారు. ఆయన ఇరవై రెండేళ్లు ఒక దినపత్రికలో పనిచేశారు. విలేకరులు ఫోన్‌లో చెప్పే వార్తలను కాగితం మీద రాసుకోవడం ఆయన ఉద్యోగం. యాభై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఇప్పుడు ఊళ్లోవాళ్లకు నేర్పుతున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

కుసుమ చేసిన మొదటి పని పంటు వెబ్‌సైటు. మనుషులనూ మోటార్‌సైకిళ్లనూ గేదెలనూ గోదావరి పాయ దాటించే పంటు ఏయే వేళల్లో బయల్దేరుతుందో అందులో చూసుకోవాలి. ఆమె రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి, దానికి ముప్ఫై ఒక్క ప్లగిన్లు తగిలించింది. కదిలే బొమ్మలున్నాయి, వాతావరణముంది, ఎంతమంది చూశారో చెప్పే అంకె ఉంది. ఒకటి అప్‌డేట్ అయితే ఇంకొకటి మొరాయించేది. రేవులో ఒక్క గీత సిగ్నల్ మీద పేజీ తెరుచుకునేసరికి పంటు ఏటి మధ్యలో ఉండేది. పదిహేనో తారీఖులోగా బాగుపడకపోతే మళ్లీ నల్లబల్ల మీదే రాసుకుంటామని పంటు సంఘం అధ్యక్షుడు చెప్పేశారు. ఒకటో తారీఖున కుసుమ విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాలి. ఆ తర్వాత దాన్ని చూసే దిక్కు లేదు.

మాస్టారు రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి, పెన్ను తీశారు.

“నువ్వు అరుగు మీద కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. నీ సైటు చదువు. రాసుకుంటాను.”

“మొత్తమా?”

“సగం వార్త పేపర్లో వేయలేం కదమ్మా.”

ఇద్దరి మధ్యా ఒక తలుపే అడ్డం. కుసుమ మొదటి ఫైలు తెరిచి, బ్రాకెట్లూ సెమికోలన్లూ వదలకుండా చదవడం మొదలుపెట్టింది. ఏడున్నరకు ఆరు కాగితాలు నిండాయి. ఆ ఫైలు సగం కాలేదు. పక్కింటి స్వరాజ్యమ్మ గోడ మీద వడియాల గుడ్డ పరుస్తూ అంతసేపూ వింటూనే ఉంది.

“ఏంటే కుసుమా, మాస్టారికేమన్నా మంత్రం ఉపదేశిస్తున్నావా?”

“కాదు పిన్నిగారూ, పంటు టైములు.”

“ముప్పావుగంట నుంచి వింటున్నాను, ఒక్క టైమూ చెప్పలేదే?”

కుసుమ నవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌లో మాస్టారి గొంతు వినిపించింది. “ఇంకెన్ని ఫైళ్లున్నాయి?”

“మూడువేల నాలుగువందల పన్నెండండీ.”

“అయితే ఇంకో రీఫిల్ తెచ్చుకుంటాను, ఉండు.”

తొమ్మిది రోజుల తర్వాత ఆమె మళ్లీ అరుగు మీద కూర్చుంది. ఈసారి తెచ్చింది ఒకే ఫైలు. ప్రతి అక్షరం తను రాసిందే. చదవడానికి పదకొండు నిమిషాలు పట్టింది, మాస్టారు రాసుకుంటే పేజీన్నర అయింది. “ఆఖరి పంటు ఆరుంపావుకేనా, నేను ఆరున్నరనుకున్నాను” అంది స్వరాజ్యమ్మ గోడవతల నుంచి. ఆ సాయంత్రం రేవులో, పంటు నడిపే సరంగు తాడు విప్పేలోపే పేజీ తెరుచుకుంది. అధ్యక్షుడు మూడుసార్లు మూసి మూడుసార్లు తెరిచి చూసి, నల్లబల్లను టీకొట్టుకు ఇచ్చేశారు.

మాస్టారు పైకాగితాలు తన దగ్గర ఉంచుకుని, కార్బన్ ప్రతిని కుసుమకు ఇచ్చారు. ఆమె దాన్ని టికెట్ గుమాస్తా ఏసుపాదం చేతికిచ్చి, టైములు మారితే ఎలా దిద్దాలో నేర్పింది. అతను దాన్ని టికెట్ గది తలుపు వెనక అంటించాడు. ఒకటో తారీఖున కుసుమ రైలెక్కింది.

ఇరవై మూడు రోజుల తర్వాత విశాఖపట్నంలో టీ తాగుతూ పేజీ తెరిచింది. తను రాయని వాక్యం ఒకటి కనిపించింది. ‘గేదెలను ఎక్కించేవారు పావుగంట ముందు రావలెను.’

ఏసుపాదానికి ఫోన్ చేసింది. “గేదెల మాట మీరే చేర్చారా?”

“ఆయ్, మొత్తం కొట్టేటప్పుడు అదొక్కటీ కలిపానండి.”

“మొత్తమా?”

“మీకు తెలీదాండి? మన సైటు పెట్టిన కంపెనీ ఆమధ్య బుధవారం మూసేశారంటండి. అంతా పోయింది. కాయితం ఉంది కదాని కూర్చుని టైపు కొట్టానండి. పట్నంలో కంప్యూటర్ షాపతను అదే పేరుతో ఇంకోచోట పెట్టించాడు. గురువారం మొదటి పంటుకల్లా వచ్చేసిందండి. ఒక బ్రాకెట్ మర్చిపోయి గంటసేపు తిట్టుకున్నాననుకోండి.”

ఆ వారంలో కుసుమ రెండుసార్లు పేజీ తెరిచి, పైనున్న టైములు మాత్రం చూసి మూసేసింది. తేడా ఏమీ తెలియలేదు.

వెంటనే మాస్టారికి ఫోన్ చేసి అంతా ఏకబిగిన చెప్పింది. ఆయన అడ్డురాకుండా విన్నారు. అవతల బల్ల సొరుగు లాగిన చప్పుడు, కాగితం సర్దిన చప్పుడు వినిపించాయి.

“గేదెలు ఎన్నో లైన్లో వచ్చాయమ్మా?” అన్నారు. “చెప్పు, రాసుకుంటాను.”