కస్తూరి కేక

ఇందుమతికి ఇరవై ఎనిమిదేళ్లు. ఎక్కడికి వెళ్లినా చెప్పులు గుమ్మం బయట వదలదు. చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చి, కుర్చీ కింద పెట్టుకుంటుంది. మహిళా సంఘం మీటింగుల్లో రెండుసార్లు చెప్పులు పోగొట్టుకున్న మనిషి మరి.

ఆ రోజు కూడా ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో ఫిల్ము డబ్బాల సంచీ పట్టుకుని మద్రాసు వడపళనిలో రత్నమ్మ గారి ఎడిటింగ్ గదికి వచ్చింది. పంతొమ్మిది వందల ఎనభై ఏడు, జూన్ నెల. తను తీసిన మొదటి సినిమా ఆ సంచీలో ఉంది. ఆ సినిమా కథానాయిక మాత్రం డబ్బింగ్‌కి రానంటోంది. ఇందుమతికి వచ్చిన చిక్కు అదీ.

ఆ రోజుల్లో షూటింగ్‌లో పట్టిన సౌండు గుర్తు కోసమే. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో మళ్లీ చెప్పాలి. మనిషి రాకపోతే బొమ్మ మూగదే.

రత్నమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు, విన్నట్టు తెలియకుండానే. టైటిల్స్‌లో "కూర్పు: వి. రత్నం" అని పడేది. ముప్పై ఏళ్లపాటు జనం ఆ రత్నాన్ని మగవాడనే అనుకున్నారు. ప్రొడ్యూసర్లు కూడా పోనీలే అని ఊరుకున్నారు. ఆడమనిషి కత్తిరించిందంటే ఫైటింగులు మెత్తగా ఉంటాయనుకుంటారేమోనని వాళ్ల భయం.

ఇందుమతి ఆ గదిలోనే మూడేళ్లు పని నేర్చుకుంది. ఫిల్ము అతికించే అసిటోన్ ఘాటు, పాత ఫిల్ము పులిసిన వాసన, ఫ్లాస్కులో కాఫీ, చిక్కుడు తీగల్లా వేలాడే ఫిల్ము ముక్కలు, కుట్టుమిషనులా టకటకమనే మూవియోలా. బొమ్మా శబ్దమూ కలిపి తిప్పి చూసుకునే ఆ యంత్రాన్ని ఇప్పటి పిల్లలకు చూపించాలంటే మ్యూజియానికి తీసుకెళ్లాలి. మొదటి ఆరు నెలలూ రత్నమ్మ గారు ఆమెను కత్తెర ముట్టుకోనివ్వలేదు. కత్తిరించి పడేసిన ముక్కలు ఏరించి, నంబర్లు వేయించి, డబ్బాల్లో సర్దించారు. ఇందుమతి లోలోపల తిట్టుకుంటూ సర్దింది. అయినా ఆ గది గుర్తొస్తే ఆమెకు పుట్టిల్లు గుర్తొచ్చినట్టే ఉండేది. అసలు పుట్టింట్లో అంత చనువు లేదు.

"ఏమే, దెయ్యాన్ని పట్టుకొచ్చావా?" అన్నారు రత్నమ్మ గారు, తెల్ల నూలు గ్లౌజులు తొడుక్కుంటూ.

"పట్టుకొచ్చానండీ."

"ఏ పార్టీ దెయ్యం?"

ఇందుమతి నవ్వింది. ఆ ప్రశ్న వెనక కథ ఉంది. సినిమా పేరు "సీసాలో చెయ్యి". పేద ఆడవాళ్లకు చెప్పకుండా వాళ్ల మీద మందులు ప్రయోగించే ఒక కంపెనీ. ఆ రికార్డులు బయటపెట్టాలని ఐదుగురు ఉద్యమకారిణులు కంపెనీ ప్రయోగశాలలో దూరతారు. తలుపులు మూసుకుపోతాయి. ప్రయోగంలో చచ్చిపోయిన ఆడమనిషి చెయ్యి సీసాలోంచి లేచి వస్తుంది. ప్రగతిశీల మహిళా సంఘం తీసే సినిమాలో దెయ్యం ఉండొచ్చా అని మూడు మీటింగులు జరిగాయి. శాస్త్రీయ దృక్పథం ఏం కావాలని ఒకరు కళ్లజోడు తీసి మరీ అడిగారు. చివరికి, దెయ్యం ఉండొచ్చు గానీ కంపెనీ యజమానిని తప్ప ఇంకెవర్నీ పీక పట్టుకోకూడదని తీర్మానించారు.

చేతిలో ఉన్నదాంతోనే తీశారు. ఎండాకాలం సెలవుల్లో మూతపడ్డ ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబు అడిగి తీసుకున్నారు. కిటికీలకు నల్ల దుప్పట్లు కొట్టి మిట్టమధ్యాహ్నం చీకటి చేశారు. కప్పలూ పాములూ సీసాల్లో ముందే ఉన్నాయి, వాటికి ఖర్చు లేదు. రక్తమంటే పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు. దెయ్యం చెయ్యి మైదాపిండి పూసుకున్న సంఘం సభ్యురాలు సుబ్బలక్ష్మిది, మధ్యమధ్య దురద పెట్టి గోక్కునేది. వంట అందరూ వంతులేసుకున్నారు. పాటలు పాడుకున్నారు. ఇరవై రెండు రోజులు. ఇందుమతి జీవితంలో అంత హాయిగా గడిచిన రోజులు లేవు.

"సరే, నీ ఏడుపేమిటో చెప్పు," అన్నారు రత్నమ్మ గారు.

"కస్తూరి రానంటోందండీ."

కస్తూరి బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నటి కాదు. సంఘంలో ఇందుమతి కంటే రెండేళ్లు చిన్నది, ఏమే అంటే ఏమే అనుకునేంత స్నేహం. షూటింగ్ ఆఖరి రోజున ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయింది. రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. ట్రంకాల్ చేస్తే, "డ్యూటీలో ఉన్నాను" అని లైను తీసేసింది.

"ఏమన్నా అన్నావా ఆ పిల్లని?"

"ఒక్క మాట అనలేదండీ."

అది నిజమే.

"మాటలు ఇంకొకరితో చెప్పిస్తానండీ. మా రమ గొంతు కొంచెం దగ్గరగా ఉంటుంది. కానీ కేక ఒకటుంది. షూటింగ్‌లో పట్టిందే. అది మాత్రం ఎవరి చేతా మళ్లీ పెట్టించలేం. రమ మాటలకీ కస్తూరి కేకకీ అతుకు తెలియకుండా ఎలా కలపాలో మీరే చెప్పాలి." ఆగలేక మళ్లీ తనే అంది. "అసలు అలాంటి కేక తెలుగు సినిమాలో ఇంతవరకు లేదండీ. మన హీరోయిన్లు దెయ్యాన్ని చూసినా పెళ్లికొడుకును చూసినట్టే అరుస్తారు. ఒక్కసారి వినండి."

రత్నమ్మ గారు రీలు ఎక్కించి పెడలు నొక్కారు.

చిన్న తెర మీద తలుపు. తలుపులో గాజు పలక. దాని వెనక సీసాల గదిలో కస్తూరి మొహం. ఆమె తలుపు లాగింది. మళ్లీ లాగింది. మొహంలో ఏదో విరిగింది. అప్పుడు వచ్చింది కేక.

ముందు సన్నగా, ఎవరో పిలిస్తే పలికినట్టు వచ్చింది. ఆ తర్వాత దానికి మనిషి గొంతుతో సంబంధం లేకుండా పోయింది. పదకొండు సెకన్లు. తర్వాత బొమ్మ అయిపోయి తెర తెల్లబడింది.

ఇందుమతి గురువుగారి మొహం వంక చూస్తోంది. పరీక్ష రాసి మార్కుల కోసం చూసే పిల్లలా.

"ఇది నటన కాదే," అన్నారు రత్నమ్మ గారు.

"కాదండీ!" అంది ఇందుమతి సంబరంగా.

"మరి ఎలా తెప్పించావు?"

"రిహార్సల్లో తలుపు ఊరికే దగ్గరకు వేశాం. టేకులో నేనే బయట గడియ పెట్టేశాను. లోపల లైటు కూడా తీయించాను, గాజులోంచి మొహం మీద పడే ఒక్కటి తప్ప."

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలిస్తే ఎలా వస్తుందండీ?"

రత్నమ్మ గారు ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇందుమతి ముందు పెట్టారు.

ఇందుమతి చెప్పని సంగతి ఒకటుంది. నాలుగేళ్ల క్రితం సంఘం మీటింగులో కస్తూరి మొదటిసారి నోరు విప్పింది. మొగుడు ఆఫీసుకు వెళ్తూ తనను సామాన్ల గదిలో పెట్టి గడియ వేసేవాడని, సాయంత్రం వచ్చి తీసేవాడని, అలా ఏడాదిన్నర సాగిందని చెప్పింది. ఆ రోజు కస్తూరి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నది ఇందుమతే. పేరు మార్చి ఆ కథను కరపత్రంలో రాసిందీ ఇందుమతే. ఒక పెద్ద దర్శకుడు హీరోయిన్ను నిజంగా చెంపదెబ్బ కొట్టి ఏడిపించాడని తెలిసి, పత్రికలో అతన్ని నాలుగు పేజీలు ఉతికి ఆరేసింది కూడా ఇందుమతే. గడియ మీద చెయ్యి వేసినప్పుడు ఇవేవీ మర్చిపోలేదు. గుర్తున్నాయి కాబట్టే ఆ ఆలోచన వచ్చింది. అయితే ఆ మాట తనతో తను కూడా అంత వివరంగా ఎప్పుడూ అనుకోలేదు.

"మిగతాదేదే?" అన్నారు రత్నమ్మ గారు.

"మిగతాదేమిటండీ?"

"కేక తర్వాతది."

"ఏమీ లేదండీ. కెమెరా అక్కడికి ఆపేశాం. రికార్డిస్టు చూసుకోక టేపు కాసేపు ఊరికే తిరిగింది. కత్తిరించేశాను."

"విన్నావా?"

"బొమ్మ లేదు కదండీ."

"అడిగింది అది కాదు."

ఇందుమతి కాఫీ అందుకుంది. తాగలేదు.

రత్నమ్మ గారు సంచీలో చెయ్యి పెట్టి ఒక్కో డబ్బా తీశారు. నాలుగో డబ్బా మీద ఇందుమతి రాతలోనే "వృథా" అని ఉంది. లోపల ముక్కలన్నీ నంబర్ల ప్రకారం చుట్టి ఉన్నాయి. ఆవిడ నేర్పిన పనే, చక్కగా చేసింది. ఆవిడ కేక షాటు నంబరున్న ముక్క తీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కేక ఉన్న టేపు చివర అతికించారు. తొందరేమీ పడలేదు. బొమ్మ లేదు కాబట్టి దీపం ఆపేశారు. పెడలు నొక్కారు.

చీకట్లో కేక మళ్లీ వచ్చింది. పదకొండు సెకన్లు. ఈసారి ఆగలేదు.

కేక అయిపోయాక ఎవరో దమ్ము తీసుకుంటున్న చప్పుడు. తలుపు అవతల, దూరంగా, చప్పట్లు. నవ్వులు. "అద్భుతం! అద్భుతం!" అని ఒక ఆడగొంతు. ఆ గొంతు తనదేనని పోల్చుకోవడానికి ఇందుమతికి ఒక క్షణం పట్టింది. తర్వాత గాజు మీద వేళ్లతో కొడుతున్న చిన్న చప్పుడు, గట్టిగా కొడితే ఎవరైనా కోప్పడతారేమో అన్నట్టు.

"ఇందూ."

మళ్లీ చప్పట్లు.

"ఇందూ, అయిపోయింది కదే. తలుపు తియ్యవే."

ఎవరో ఏదో అంటే అందరూ గొల్లున నవ్వారు.

"నీకు చెప్పాను కదే. నీకు తెలుసు కదే."

తర్వాత మాటల్లేవు. టేపు తిరుగుతూనే ఉంది. కాసేపటికి గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చాలా మామూలుగా, ఎక్స్ఛేంజిలో మాట్లాడే గొంతులా. ఎవరికో జాగ్రత్తగా నచ్చచెబుతోంది.

"ఇంకెప్పుడూ అలా చెయ్యనండీ. తలుపు తియ్యండి."

ఆ "అండీ" ఇందుమతికి కాదు.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు. "ఓ, నువ్వింకా లోపలే ఉన్నావా! ఎంత బాగా చేశావే!" అన్న ఇందుమతి గొంతు. అక్కడికి టేపు అయిపోయింది.

రత్నమ్మ గారు దీపం వేశారు. ఇందుమతి మొహం చూడలేదు. టేపు మెల్లగా వెనక్కి తిప్పి, కేక మొదలయ్యే చోట ఆపారు. ముక్కలకు గుర్తు పెట్టే పసుపు పెన్సిలు చెవి వెనక నుంచి తీసి, ఇందుమతి ముందు పెట్టారు.

"ఎక్కడ కత్తిరించమంటావో గుర్తు పెట్టవే," అన్నారు. "నీ సినిమా కదా."

ఇందుమతి పెన్సిలు తీసుకుంది. టేపు మీద ఎక్కడా చూడటానికి ఏమీ లేదు. గోధుమ రంగులో, మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది. ఆమె చాలాసేపు దాని మీదికి వంగి కూర్చుంది.

రత్నమ్మ గారు పక్క బల్ల దగ్గర ఇంకెవరిదో సినిమా పని మొదలుపెట్టారు.

మర్నాడు ఇందుమతి బెజవాడ వెళ్లింది. కస్తూరి లోపలికి రమ్మంది, అన్నం పెట్టింది, డబ్బింగ్‌కి రానంది. సినిమా రమ గొంతుతో, ఆ కేక లేకుండానే విడుదలై, మూడు ఊళ్లలో ఒక్కో వారం ఆడింది. తర్వాతి నెల సంఘం మీటింగులో ఇందుమతి లేచి నిలబడి, తను ఏం చేసిందో పేర్లు మార్చకుండా చెప్పింది.