బండల సందు దాటితేనే వైద్యం

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒక్కడే వైద్యుడు, ఎలుగు తాత. చెడ్డవాడు కాడు, పాపం. పొద్దున లేస్తే గుహ ముందు తిరునాళ్ళే. ఓపిక చచ్చి ఒక నియమం పెట్టాడు. తిండి సహించనివాళ్ళు గుహ ముందున్న రెండు బండల సందులోంచి దూరి రావాలి. దూరేంతగా చిక్కితేనే రోగం, లేకపోతే లేదు. ఒళ్ళు ఎంతదైనా అందరికీ అదే సందు!

చుక్కి అనే దుప్పిపిల్లకు గడ్డి చూస్తే భయం పట్టుకుంది. ఎందుకో దానికే తెలియదు. ముందు ఒక పూట మానేసింది. తర్వాత తిందామన్నా నోరు తెరుచుకోలేదు. రాత్రీ పగలూ అదే ఆలోచన. అలిసిపోయి తాత దగ్గరికి వెళ్ళింది.

సందులో తల పట్టింది కానీ, భుజాలు పట్టలేదు.

“నిక్షేపంలా ఉన్నావు కదే! ఇంటికెళ్ళి శుభ్రంగా తిను,” అన్నాడు తాత లోపలినుంచి.

“తినలేకపోతున్నాననే వచ్చాను తాతా!” అంది చుక్కి. తాత అప్పటికే తర్వాతివాళ్ళని పిలిచాడు.

నెల పోయాక మళ్ళీ వెళ్ళింది. ఈసారి భుజాలు పట్టాయి, పొట్ట దగ్గర ఇరుక్కుంది.

“నీకంటే చిక్కినవాళ్ళు నలుగురున్నారు. తర్వాత చూద్దాంలే,” అన్నాడు తాత.

చుక్కికి సిగ్గేసింది. ‘ఇంకా చిక్కితే తప్ప నా మాట నమ్మరు కాబోలు’ అనుకుంది. తినే ఆ కాస్త గడ్డీ మానేసింది. చూశారా పిల్లలూ, మందు కోసం రోగం పెంచుకోవలసి వచ్చింది!

మూడోసారి సులువుగా దూరింది. దూరి, తాత కాళ్ళ దగ్గరే కూలబడింది. లేవలేదు.

తాత గబగబా లేచి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. జావ కాచి కొద్దికొద్దిగా పోశాడు. ప్రాణం నిలవడానికే ఒక వానాకాలం పట్టింది. గడ్డి నోట పెట్టడానికి ఇంకో వానాకాలం. తోటిపిల్లలు పెద్దవై మందలో తిరుగుతున్నా చుక్కి గుహలోనే ఉంది.

ఒకరోజు తాత విసుక్కున్నాడు. “ఇంతదాకా తెచ్చుకున్నావేమే? ముందే రాకూడదూ?”

చుక్కికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. “రెండుసార్లు వచ్చాను తాతా. నువ్వే పొమ్మన్నావు,” అంది.

తాత తల తిప్పి గుహ ముందున్న ఆ సందుకేసి చూశాడు.

మర్నాడు బొద్దుగా ఉన్న ఇంకో దుప్పిపిల్ల వచ్చింది. సందులో పట్టక వెనక్కి తిరిగింది. తాత ఆయాసపడుతూ బండెక్కి, అవతలికి దిగి, దాని పక్కన కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?” అని అడిగాడు.

“నాలుగు రోజులే తాతా. ఇంత చిన్నదానికి రావచ్చా?”

“ఇంత చిన్నగా ఉన్నప్పుడే రావాలి తల్లీ,” అన్నాడు తాత.

లోపల చుక్కి ఆ మాట విని ఏడ్చింది. తనకా మాట ఎవరూ చెప్పలేదు.

నీతి: బాగా లేదని పిల్లలు చెప్పిననాడే నమ్మాలి; గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకూడదు.